పెట్టుబడి తీసుకున్న పడవ

"సంచి ఎక్కడ పెట్టావో చెప్తావా, చెప్పవా?"

పొద్దుట లేచింది మొదలు సత్యకుమారి ఇదే అడుగుతోంది. త్రిమూర్తులు పలకడం లేదు. వరండా గచ్చు మీద కూచుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, తల వంచుకుని చిరుగులు అల్లుకుంటున్నాడు. అంత శ్రద్ధగా అల్లాల్సినన్ని చిరుగులు ఆ వలకు లేవని ఆమెకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తోంది. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఈ మనిషికి వల గుర్తొస్తుంది.

సంచి కూతురు సాయిదుర్గది. వేసవి సెలవులకు భీమవరం హాస్టల్ నుంచి తెచ్చుకున్న కాలేజీ సంచి. రేపు ఆ సంచి భుజాన వేసుకుని ఆ పిల్ల మళ్లీ బస్సెక్కాలి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది మొదలవుతోంది. ఆ ఏడాది అక్కర్లేదని నిన్న సాయంత్రం తండ్రి తేల్చేశాడు. తేల్చేసి, సంచి మాయం చేశాడు.

"పిల్లని పంపను. మాటిచ్చేశాను."

"పిల్ల నీ ఒక్కడిదేనా? నన్నడిగావా? దాన్నడిగావా? ఎవరిని అడిగి ఇచ్చావయ్యా మాట?"

"అచ్చిబాబు గారు ఇంటికొచ్చి అడిగారు. ఎలా కాదంటాను?"

అచ్చిబాబు ఆ రేవులో రొయ్యల కంపెనీ తరఫున సరుకు కొనే మనిషి. ఉతికిన తెల్లచొక్కా, ఐసు పెట్టెలతో నిండిన బొలేరో బండి, ఎవరేమన్నా ముందు "ఆయ్" అని నవ్వే నోరు. కంపెనీ రేవు దగ్గరే కొత్తగా కొనుగోలు ఆఫీసు తెరుస్తోంది. అందులో కంప్యూటర్ ముందు కూచోడానికి ఈ పల్లెపిల్లే కావాలని ఆయన పట్టు. తమ పిల్ల కాటా పక్కన కూచుంటే పల్లెలో పడవలన్నీ ఆ కాటాకే వస్తాయని ఆయన లెక్క. ఆ లెక్క అర్థం చేసుకోవడానికి సత్యకుమారికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేకపోయింది.

"పరీక్షలు ఉద్యోగం చేత్తా రాసుకోవచ్చంట," అన్నాడు త్రిమూర్తులు, వలతో చెబుతున్నట్టుగా.

వంటింటి గుమ్మంలోంచి సాయిదుర్గ బయటికొచ్చింది. నిన్నటి నుంచి ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఇంజనీరింగ్ అలా రాసుకునే చదువు కాదు నాన్నా. అటెండెన్స్ ఉండాలి, ల్యాబులు ఉండాలి, ప్రాజెక్టు ఉండాలి. ఇప్పుడు మానేస్తే మూడేళ్లు చదివింది ఏట్లో కలిసినట్టే. డిగ్రీ లేనిదాన్ని అయిపోతాను."

"కంపెనీవాళ్లే కదమ్మా చదివించింది. వాళ్లే ఉద్యోగం ఇత్తన్నారు. ఇంకేం కావాలి?"

"వాళ్లిచ్చింది స్కాలర్‌షిప్ నాన్నా. లాభాల్లో కొంత ఇలాంటి పనులకి ఖర్చు పెట్టాలని పెద్ద కంపెనీలకి రూలే ఉంది. ఊరికే ఇస్తారు."

"ఊరికే ఎవడూ ఇవ్వడు." మొదటిసారి తలెత్తాడతను. "ఇచ్చినోడున్నాడు, తీసుకున్నోడున్నాడు. మీ కాలేజీలో దానికి ఏ పేరైనా పెట్టుకోండి. రేవులో దాన్ని పెట్టుబడి అంటారు."



చేపల వేట చేసుకునే ఆ ఊళ్లో పెట్టుబడి అంటే ఏమిటో చంటిపిల్లలకు కూడా తెలుసు. పడవకో, వలకో, ఇంజనుకో సావుకారు ముందుగా డబ్బిస్తాడు. కాగితం ఉండదు, వడ్డీ మాట ఉండదు. ఆ రోజు నుంచీ ఆ పడవలో పడ్డ ప్రతి చేపా ఆ సావుకారు కాటా మీదికే వెళ్లాలి, ఆయన చెప్పిన ధరకే వెళ్లాలి. వేరే గట్టున సరుకు దింపితే మాట తప్పినట్టు. మాట తప్పిన పడవకు సావుకారు వచ్చి చుక్కాని ఊడదీసి పట్టుకుపోతాడు. చుక్కాని లేని పడవ గట్టున పడుంటుంది. దారిన పోయేవాళ్లంతా అది ఎవరి పడవో, ఎందుకు పడుందో చెప్పుకుంటారు.

"మీ తాత చుక్కాని పోయినప్పుడు..." అంటూ మంచం మీంచి అందుకుంది పెద్దింట్లమ్మ. త్రిమూర్తులు తల్లి. చూపు తగ్గింది గానీ వినికిడి చెక్కు చెదరలేదు, ముఖ్యంగా కోడలి గొంతు లేచినప్పుడు.

"ఇప్పుడెందుకమ్మా అది," అన్నాడు త్రిమూర్తులు.

"ఎందుకా? నీకు జొరం వచ్చి కళ్లు తేలేత్తే, నిన్ను నర్సాపురం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆ ఒక్క రోజే మీ నాన్న పక్క రేవులో సరుకు దింపాడు. ఒక్క రోజు! తెల్లారేసరికి సావుకారు మనిషి వచ్చేశాడు. రేవంతా చూత్తండగా చుక్కాని ఊడదీసి భుజానేసుకుని పోయాడు. మీ నాన్న ఆపలేదు. ఆ వేటకాలమంతా తల దించుకుని వేరే పడవల మీద కూలికెళ్లాడు."

 ఆ కథలో జ్వరం వచ్చిన పిల్లాడు త్రిమూర్తులే. అందుకే జీవితంలో ఇచ్చిన మాట తప్పకూడదని ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. దానికి ఊళ్లో మంచి పేరు కూడా వచ్చింది. ఆ మంచి పేరు ఇంత దూరం తీసుకొస్తుందని సత్యకుమారి అనుకోలేదు.

చేటలో బియ్యం పక్కన పెట్టి ఆమె లేచి నిలబడింది. మనసులో ఏదో తట్టింది. మూడేళ్లుగా కళ్లముందే ఉన్నది.

"ఏమయ్యా, ఒకటడుగుతాను. నిజం చెప్పు. మూడేళ్ల నుంచి మన సరుకు పాటకి పెట్టనివ్వట్లేదు. ఎందుకు?"

త్రిమూర్తులు చేతిలో వల కండె ఆగిపోయింది.

రేవులో చేపల వేలాన్ని పాట అంటారు. పడవ గట్టుకు రాగానే ఆ ఇంటి ఆడది సరుకు ముందు నిలబడి పాట పెడుతుంది. కొనేవాళ్లు ఒకరి మీద ఒకరు పాడతారు. సత్యకుమారి పాట పెట్టిందంటే ఏటి అవతలి గట్టుకు వినిపించేది. బుట్టలో పండుగప్ప తోక పట్టుకుని పైకెత్తి ఆమె వేసే కేకకు, కొనే ఉద్దేశం లేనివాడు కూడా ఓ మాట పాడేవాడు. మూడేళ్ల క్రితం ఒకరోజు మొగుడు వచ్చి, "ఇంకనించి ఆ గోల వద్దు సత్యా. అచ్చిబాబు గారు రోజూ బండేసుకుని వత్తారు, ఐసు ఇత్తారు, హాయిగా ఆయన కాటా మీద పెట్టేద్దాం," అన్నాడు. ధర తక్కువే. అయినా అలిసిపోయి ఉన్నాడేమోలే అని ఊరుకుంది. ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. మొగుడి కోసం చేసింది.

"చెప్పవేం? సాయిదుర్గకి కాలేజీలో సీటొచ్చిన ఏడు కదూ అది? కంపెనీ ఫీజు కట్టిన ఏడే కదూ?"

"మరి పెట్టుబడి తీసుకున్నాక వేరేచోట ఎలా పెడతాం?" అన్నాడతను. గొంతులో సిగ్గు లేదు, దాపరికం లేదు. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూశాడు.

"అచ్చిబాబు గారు అలా అడిగారా?"

"అడగలేదు. నేనే వెళ్లి చెప్పాను, ఇక నా వేటంతా మీదేనండి అని. ఆయన 'ఆయ్, నీ ఇష్టం త్రిమూర్తులూ' అన్నారు."

 అచ్చిబాబు నవ్వు సత్యకుమారికి ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. అది పెట్టుబడి కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన మూడేళ్లుగా మింగేశారు. చవగ్గా వస్తున్న రొయ్యని ఎవరు వద్దంటారు?

సాయిదుర్గ గోడకు ఆనుకుని కిందికి జారి కూచుంది.

"అయితే నన్ను కంపెనీ చదివించలేదు నాన్నా. నువ్వే చదివించావు. నీ వేట తక్కువ ధరకిచ్చి నువ్వే కట్టుకున్నావు నా ఫీజంతా."

ఆ మాటకు పెద్దింట్లమ్మ కూడా మంచం మీద లేచి కూచుంది.

"ఫోను తియ్యవే," అంది సత్యకుమారి. "కంపెనీ ఫౌండేషన్‌లో పిల్లల చదువులు చూసే ఆవిడ ఉంటారన్నావు కదా. ప్రసన్నకుమారి గారో ఎవరో. చెయ్యి. స్పీకర్ పెట్టు. మీ నాన్న వినాలి."

అవతల నుంచి చాలా ఆప్యాయమైన గొంతే పలికింది. "చెప్పు సాయిదుర్గా! హాస్టల్‌కి వచ్చేశావా?"

"ఇంకా లేదు మేడం. ఒక డౌటు. స్కాలర్‌షిప్ తీసుకున్నాను కాబట్టి కంపెనీలోనే ఉద్యోగం చెయ్యాలా మేడం?"

"ఎవరు చెప్పారమ్మా? అలాంటి కండిషన్ ఏమీ లేదు. మేం అడిగేది ఒక్కటే. చదువు మధ్యలో ఆపకూడదు."

సత్యకుమారి మొగుడి వైపు చూసింది. అతను ఫోను వైపు చూస్తున్నాడు.

"మా నాన్న వేటంతా అచ్చిబాబు గారికే ఇవ్వాలా మేడం?"

"వేటకీ స్కాలర్‌షిప్‌కీ సంబంధం ఏంటి?"

సాయిదుర్గ చెప్పింది. ఏడవకుండా, వరసగా, ఉన్నదున్నట్టు చెప్పింది. వింటున్న కొద్దీ అవతలి గొంతులో ఊకొట్టడం తగ్గుతూ వచ్చింది. చివరికి చాలా చిన్నగా అడిగింది. "ఫోను స్పీకర్‌లో ఉందా?"

"ఉందండి," అంది సత్యకుమారి. "నేను పిల్ల తల్లిని. చెప్పండి."

"అమ్మా, అచ్చిబాబు గారు చేసింది తప్పే. కానీ ఒక చిక్కుంది. ప్రతి ఏడూ స్కాలర్‌షిప్ కొనసాగించే ముందు ఊళ్లో ఉన్న కంపెనీ మనిషిని ఒక మాట అడుగుతాం. పిల్ల బాగా చదువుతోందా, ఇంటి పరిస్థితి అలాగే ఉందా అని. మీ రేవుకి ఆ మనిషి అచ్చిబాబు గారే. ఈ ఏడాది ఇంకా ఏమీ చెప్పలేదు ఆయన."

"వద్దని చెప్తే?"

"నేను పైవాళ్లతో మాట్లాడతానమ్మా. కాకపోతే కొనుగోళ్లలో ఆయన మాటకి చాలా విలువుంది ఇక్కడ. నేనిలా అన్నానని మాత్రం ఆయనతో అనకండి."

"మీరు మంచివారేనండి. అది మీ గొంతులోనే తెలుస్తోంది. కానీ మంచివాళ్లందరూ ఇలా మెల్లిగా మాట్లాడితే, మా బోటివాళ్లం ఎవరి మాట వినాలండి?"

 "నేను ప్రయత్నం చేస్తానమ్మా," అని ఫోను పెట్టేశారు.

"చూశావా?" అన్నాడు త్రిమూర్తులు. గెలిచిన మనిషిలా అనలేదు. ఇంకా కుంగిపోయి అన్నాడు. "తాడు ఉందా లేదా? పెట్టుబడి కాదన్నారు. ఇదేంటి మరి?"

 కంపెనీ తాడు కట్టలేదు. కట్టిందెవరో తెలిసింది. కానీ దాని కొస ఇంకా అచ్చిబాబు చేతిలోనే ఉంది.

అప్పుడు సాయిదుర్గ లేచి వెళ్లి తండ్రి ఎదురుగా, వలకు అవతల కూచుంది.

"నాన్నా, తాతయ్య చుక్కాని సావుకారు పట్టుకుపోయినప్పుడు నువ్వు ఎన్నో క్లాసు?"

"ఐదు."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. ఆయన ఒక్కడి కూలితో ఇల్లు గడవలేదు. నేనూ ఎళ్లాను."

"మళ్లీ బడికి?"

త్రిమూర్తులు తల అడ్డంగా ఊపాడు.

"బాగా చదివేవాడు," అంది పెద్దింట్లమ్మ. "లెక్కలు మాస్టారు ఇంటికొచ్చి అడిగాడు, పంపండి పంపండి అని."

"నీ చదువు పెట్టుబడితో ఆగిపోయింది నాన్నా," అంది సాయిదుర్గ. "ఇప్పుడు నాది కూడా దాంతోనే ఆపుతున్నావు. అప్పుడు సావుకారు ఆపాడు. ఇప్పుడు నువ్వు ఆపుతున్నావు. అంతే తేడా."

ఇంత మాట ఈ ఇంట్లో అతన్ని ఎవరూ అనలేదు. సత్యకుమారి భయపడింది. కొడతాడని కాదు. అతను చెయ్యెత్తే మనిషి కాడు. ఏడుస్తాడేమోనని భయపడింది. త్రిమూర్తులు వల బొటనవేలి నుంచి తప్పించి పక్కన పెట్టాడు. మడత కూడా పెట్టలేదు. చెప్పులేసుకుని రేవు వైపు వెళ్లిపోయాడు. భోజనానికి వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారుజామున అలవాటు ప్రకారం వేటకు వెళ్లిపోయాడు.

వెళ్లేముందు సంచి సంగతి చెబుతాడేమోనని సత్యకుమారి చూసింది. చెప్పలేదు.

పొద్దెక్కేసరికి రేవు నిండిపోయింది. వేట నిషేధం ఎత్తేసి ఎన్నో రోజులు కాలేదు. రెండు నెలలు ఖాళీగా ఉన్న సముద్రం ఇప్పుడు దండిగా ఇస్తోంది. ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు, తడిసిన పట్టాల వాసన, ఆటోల హారన్లు. అచ్చిబాబు బొలేరో ఎప్పటి చోటే ఆగి ఉంది. కాటా దింపి, తెల్లచొక్కా చేతులు మడిచి, ఆయన పక్కనే కుర్చీలో కూచున్నారు.

త్రిమూర్తులు పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వస్తుండగానే సత్యకుమారి చీర కుచ్చెళ్లు పైకి దోపి మోకాళ్లలోతు నీళ్లలోకి దిగింది. పడవ ఆగీ ఆగకముందే సరుకు బుట్ట అంచు పట్టుకుని గట్టు మీదికి లాగింది. పైన రెండు పండుగప్పలు, కింద రొయ్య. అచ్చిబాబు కాటా వైపు కాకుండా రేవు మధ్యలోకి, పూర్వం తను నిలబడే చోటికి లాక్కెళ్లింది. పండుగప్పని తోక పట్టుకుని పైకెత్తింది.

"పాటండోయ్! త్రిమూర్తులు పడవ పాట! ఇప్పుడే పట్టిన, ఇంకా మాట్లాడతన్న చేప! ఎవరు పాడతారో రండి!"

మూడేళ్ల తర్వాత లేచిన గొంతు. మొదటి కేక కొంచెం బొంగురుపోయింది. రెండోది అవతలి గట్టుకు వినిపించింది. రేవులో చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పాడవలసిన వాళ్లు మాత్రం నోరు తెరవలేదు. అందరూ కుర్చీ వైపు చూస్తున్నారు.

అచ్చిబాబు తీరిగ్గా లేచి వచ్చారు. నవ్వుతూనే వచ్చారు.

"ఏమ్మా సత్యకుమారీ, ఏంటిది పొద్దున్నే?"

"పాటండి. మీరూ పాడండి. వద్దన్నానా?"

"మీ ఆయనా నేనూ ఒక మాట మీద ఉన్నాం కదమ్మా."

"ఆ మాటకి మీరేమిచ్చారండి? కంపెనీ పిల్లకిచ్చింది. మీరు మా దగ్గర పుచ్చుకున్నారు."

చుట్టూ గుసగుసలు లేచాయి. అచ్చిబాబు నవ్వు కొంచెం తగ్గించి, గొంతు ఇంకా మెత్తగా చేశారు.

"చూడమ్మా, ఫౌండేషన్ వాళ్లు ఫోను చేశారు. త్రిమూర్తులు కూతురి గురించి ఏం చెప్తారు అని. ఆఖరి ఏడాది. పాపం, మధ్యలో ఆగిపోద్దేమో అని నా బాధ. ఏం చెప్పమంటావు మరి?"

 కూతురి చదువు మొత్తం ఈ మనిషి నాలుక మీద ఉందని సత్యకుమారి తెలిసే వచ్చింది. తెలిసి వచ్చినా, మొహం మీద అంటే వేరుగా ఉంది. అయినా చేతిలో చేపని దించలేదు.

"ఉన్నది చెప్పండి. పిల్ల చదువుతోంది, తండ్రి వేట చేత్తన్నాడు, తల్లి పాట పెడతాంది అని చెప్పండి. ఇందులో మీరు కలపాల్సింది ఏమీ లేదు."

"త్రిమూర్తులూ," అన్నారు అచ్చిబాబు, ఆమెను వదిలేసి. "మీ ఆవిడకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా? మాటంటే నీకు తెలుసు. దానికి తెలీదు."

త్రిమూర్తులు పడవలోనే నిలబడి ఉన్నాడు. రేవులో ఉన్న కళ్లన్నీ ఇప్పుడు అతని మీదికి తిరిగాయి. సత్యకుమారి కూడా చూసింది. నిన్నటి నుంచి మూగవాడైన మనిషి ఇప్పుడు నోరు తెరిచి "బుట్ట కాటా మీద పెట్టు" అంటే ఇంక తను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు.

త్రిమూర్తులు వంగాడు. పడవ వెనక చుక్కాని బిగించిన తాళ్లు విప్పాడు. పాత టేకు చుక్కాని. పాతది సావుకారు పట్టుకుపోయాక తండ్రి భీమరాజు మళ్లీ చేయించినది. పడవలు రెండు మారాయి గానీ చుక్కాని మారలేదు. దాన్ని ఊడదీసి, భుజాన వేసుకుని, నీళ్లలోకి దిగి గట్టెక్కి నడుచుకుంటూ వచ్చి అచ్చిబాబు కాళ్ల ముందు పెట్టాడు.

"మాట తప్పానండి," అన్నాడు. "నేనే తప్పాను. మా ఆడది కాదు. తప్పినోడి చుక్కాని సావుకారుది. పట్టుకెళ్లండి. నా పిల్ల మటుకు కాలేజీకి ఎళ్తుంది."

సత్యకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపటి నుంచి వేట లేదు. పడవ గట్టున పడుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఆమెకు కలిగింది దిగులు కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మనిషిని ఎప్పుడూ ఇంత ఇష్టపడలేదు.

అచ్చిబాబు చుక్కాని వైపు చూశారు. చుట్టూ చూశారు. ఆ రేవులో ఆయన పెట్టుబడి తీసుకున్న పడవలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మనుషులందరూ ఇక్కడే ఉన్నారు. ఈ చుక్కానిని ఇక్కడ వదిలేసి వెళ్తే రేపు వాళ్లలో ఎవడు కాటా దగ్గరికి వస్తాడో, ఎవడు రాడో చెప్పలేం. ఆయన నవ్వు పూర్తిగా పోయింది.

"సరే. నీ మాటే కానీ," అని చుక్కాని ఎత్తి బొలేరో వెనకాల ఐసు పెట్టెల మీద పడేశారు. చేతులు దులుపుకుని డ్రైవర్ తలుపు తీశారు. తీసి, అలాగే ఆగిపోయారు.

పక్క సీట్లో సాయిదుర్గ కూచుని ఉంది. ఒళ్లో కాలేజీ సంచి.

"నీ సంచి..." అన్నాడు త్రిమూర్తులు గట్టు మీంచి, తెల్లబోయి.

"మామ్మ మంచం కింద పెడితే మామ్మ చెప్పదనుకున్నావా నాన్నా?"

ఎవరో పక్కున నవ్వారు. అచ్చిబాబుకు నవ్వు రాలేదు.

"దిగమ్మా," అన్నారు.

"ఎందుకండీ? మీరు సరుకు తీసుకుని భీమవరంలో మీ కంపెనీ ఆఫీసుకే కదా వెళ్లేది. నాదీ అదే దారి. ముందు మీ ఆఫీసుకి వెళ్దాం, తర్వాత నేను కాలేజీకి వెళ్తాను." సంచి ఒళ్లో సర్దుకుంది. "ప్రసన్నకుమారి మేడం అక్కడే ఉంటారు. పైవాళ్లు కూడా ఉంటారు. స్కాలర్‌షిప్ ఊరికే ఇస్తున్నామని వాళ్లు అనుకుంటున్నారు. మా నాన్న చుక్కాని ఎందుకు తెచ్చారో వాళ్లకి మీరే చెప్పండి. నేను పక్కనే ఉంటాను. ఒక్క మాట కూడా మాట్లాడను."

"నాతో వేళాకోళమా?"

"లేదండి. చుక్కాని మీదేనని రేవంతా చూస్తుండగా పట్టుకొచ్చారు. అదే మాట అక్కడ కూడా అనండి. లేదంటే దాన్ని దింపెయ్యండి, నేనూ దిగుతాను."

అచ్చిబాబు తలుపు పట్టుకుని నిలబడ్డారు. వెనకాల ఐసు పెట్టెల మీద చుక్కాని ఉంది. పక్క సీట్లో పిల్ల ఉంది. చుక్కాని దింపితే రేవు చూస్తుంది. తీసుకెళ్తే ఆఫీసు చూస్తుంది.

సత్యకుమారి పండుగప్పని మళ్లీ పైకెత్తింది. చెయ్యి నొప్పెడుతోంది. కూతురు కూచున్న ఆ సీటు వైపు ఒక్కసారి చూసుకుని, నిండా ఊపిరి పీల్చుకుని, అవతలి గట్టుకు వినిపించేలా కేక వేసింది.

"పాట ఆగలేదండోయ్! త్రిమూర్తులు పడవ పాట! ముందు ఎవరు పాడతారు?"

ఎవరూ పాడలేదు. ఎవరూ కదల్లేదు కూడా. రేవు మొత్తం బొలేరో వైపే చూస్తోంది. అచ్చిబాబు జేబులోంచి తాళంచెవి తీశారు. తీసి, దాన్ని అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డారు.